టైలర్‌తో మొదలైన అనుమానం

జూన్

మా బజారులో ప్యాంట్లు కుట్టే టైలర్ ఒక్కడే మిగిలాడు. పోటీ లేనిచోట నాణ్యత పడిపోతుందని ఎం.కాం.లో చదువుకున్నాను. ఆ ఏడు కళ్లారా చూశాననుకున్నాను. మేనకోడలి పెళ్లికి కుట్టించిన ప్యాంటు నడుము దగ్గర వదులైంది. తిరిగి ఇస్తే బిగించాడు. పెళ్లినాటికి మళ్లీ వదులు. ఒక చేత్తో ప్యాంటు పట్టుకుని, రెండో చేత్తో అక్షింతలు వేసి దంపతులను దీవించాను. మర్నాడు వెళ్లి నిలదీశాను. అతను ప్యాంటును అటూ ఇటూ తిప్పి, నా నడుము వంక చూసి, "సేటూ, గీ నడుముకు నేను కుట్టలే. ఎవలి ప్యాంటు తెచ్చిండ్లు?" అన్నాడు.

ఎదుటివాడు మోసగాడని ఇద్దరం నిర్ణయించుకుని విడిపోయాం.

ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చున్నాను. అమ్మ వడ్డిస్తూ వడ్డిస్తూ ఆగింది.

"గా మెడ బొక్కలు గట్ల తేలినయేందిరా? అచ్చం మీ బాపు లెక్క అయితానవ్."

టైలర్‌ను అక్కడికక్కడే క్షమించాను. ఎందుకంటే బాపు లెక్క అవడం మా ఇంట్లో మెచ్చుకోలు కాదు. బాపు, అంటే మా నాన్న, కొన్నేళ్ల కింద పోయాడు. పోయేముందు రెండేళ్లు కొద్దికొద్దిగా తగ్గాడు. తిన్నది ఒంటబట్టేది కాదు. ఒక డాక్టర్ షుగర్ అన్నాడు, ఒకరు పేగుపూత అన్నారు, ఇంకొకరు వయసు అన్నారు. చివరికి తీసుకెళ్లిన పెద్ద దవాఖానవాళ్లు 'బలహీనత' అన్నారు. బస్తాలు ఎత్తిన మనిషి బలహీనతతో ఎలా పోతాడని అడిగే ధైర్యం మాకెవరికీ లేకపోయింది.

అందుకని నాకు ఒకటే ప్రశ్న మిగిలింది. నాకు వచ్చింది అదేనా? అదే అయితే, ఈసారైనా దానికి ఎవరైనా పేరు పెడతారా?

ఆగస్టు

నా గురించి ఒక మాట. వరంగల్‌లో మాది పాత కిరాణా దుకాణం. పసుపు, జీలకర్ర, మిరియాలు అన్నీ ఉంటాయి గానీ, బజారు మమ్మల్ని ఇంగువ సేటు దుకాణం అంటుంది. ఆ పేరు బాపు సంపాదించాడు. నేను చదువు ముగించి, ఉద్యోగం వచ్చేదాకా కూర్చుందామని గల్లా దగ్గర కూర్చున్నాను. పదిహేనేళ్లుగా అది వచ్చేదాకానే కూర్చుని ఉన్నాను.

తిన్న కాసేపటికి కడుపు డప్పులా బిగిసేది. ఆ తర్వాత పరుగు. నోట్లో పుండ్లు. పైఅరలోని డబ్బా కోసం నిచ్చెన ఎక్కితే, దిగేముందు కొంచెంసేపు అక్కడే కాపురం ఉండేవాణ్ణి. కొనేవాళ్ల సరుకు త్రాసులో ఉండగానే "జర ఆగుండ్రి" అని వెనక్కి పోయేవాణ్ణి. తిరిగొచ్చేసరికి కొందరు తమకు తామే తూకం వేసుకుని ఉండేవారు. ఆ తూకాలు నాకు నచ్చేవి కావు.

మొదటి డాక్టర్ గ్యాస్ అన్నాడు. రెండో ఆయన "దుకాణం ఎట్ల నడుస్తుంది?" అని అడిగాడు. మంచిగనే నడుస్తోందన్నాను. "మంచిగ నడిస్తే టెన్షన్ ఉంటది" అని నిద్రమాత్రలు రాశాడు. మూడో ఆయన నులిపురుగుల మాత్ర ఇచ్చాడు. ఇంటిల్లిపాదికీ ఇచ్చాడు కాబట్టి అందులో కొంత న్యాయం ఉంది.

మా దగ్గర ఒంట్లో బాగాలేని మనిషిని చూడ్డానికి ఎవరూ ఉత్తచేతులతో రారు. బ్రెడ్డో, టోస్టులో తెస్తారు. అరుగుదలకు తేలిక కదా. చూడ్డానికి వచ్చేవాళ్లు ఎక్కువైనకొద్దీ నా పరిస్థితి దిగజారుతూ వచ్చింది. దీనికంతటికీ బంధువులే కారణమని అప్పట్లో అనుకునేవాణ్ణి. తర్వాత తేలిందేమంటే, అది మరీ అంత తప్పుడు ఊహ కాదు.

కడుపుకు సంబంధించిన ఏ ఫిర్యాదైనా మా ఇంట్లో మొదట అమ్మ దగ్గరికి పోవాలి. అమ్మ తీర్పు ఎప్పుడూ ఒకటే. గ్లాసెడు మజ్జిగ, ఉప్పు, ఇంత ఇంగువ.

"చల్ల తాగు. బయట దునియా అంత మన దుకాణంకొచ్చి కొనుక్కపోతాంది, నీకేమో మాత్రలు కావాలె."

తాగేవాణ్ణి. కాసేపు హాయిగా అనిపించేది. అందుకే దానిమీద ఎవరికీ అనుమానం రాలేదు.

దీనికితోడు అమ్మ సమ్మక్కకు మొక్కింది. నేను బాగైతే మేడారంలో నా ఎత్తు బంగారం తూకం వేయిస్తానని. మాఘంలో జాతర ఉంది. బంగారమంటే బెల్లమే. కాకపోతే నేను రోజురోజుకూ తగ్గుతున్నాను కాబట్టి మొక్కు కూడా చవకవుతూ వచ్చింది. ఈ మాట అమ్మతో అంటే, దేవతతో బేరమేందిరా అని చెంపలేసుకోమంది. వేసుకున్నాను. చెంపలు కూడా తగ్గాయని అప్పుడే తెలిసింది.

అక్టోబర్

బతుకమ్మకు నా భార్య మాధవి పాలకుర్తి దగ్గరున్న పుట్టింటికి పోయింది. ఆమె లేని ఆ కొన్నాళ్లలో నా కడుపు సగం కుదుటపడింది. నిచ్చెన ఎక్కి, వెంటనే దిగాను కూడా. ఈ శుభవార్తను ఎవరితోనూ పంచుకోకుండా ఉండాల్సింది. అమ్మతో పంచుకున్నాను.

మాధవి వచ్చింది. మూడోనాటికి కడుపు మళ్లీ మొదటికి వచ్చింది.

"నేనేమనలే," అంది అమ్మ, ఎవరూ ఏమీ అడగకముందే. "నా చేతి బువ్వ తిన్నన్ని దినాలు మంచిగున్నడు. ఉన్నమాట చెప్తాన."

మాధవి చేతిలో గరిటె ఆగింది. "అంటే? నేనేమన్న కలిపి పెడ్తాననా అత్తమ్మా?"

"గట్లన్ననా? నేనన్లేదు, నువ్వే అంటానవు."

"అన్నది మీరు, మోసేది నేను. మంచిగున్నది!"

నేను ఇద్దరి మధ్యా కూర్చుని ఇంగువ మజ్జిగ తాగుతున్నాను. తాగుతున్నంతసేపు ఎవరి పక్షమూ మాట్లాడక్కర్లేదు. అది దాని ఇంకో ఔషధగుణం. నిజం చెప్పాలంటే, ఆ రెండు మూడు రోజులు మాధవి పెట్టిన కూర వైపు నేనూ ఒకటికి రెండుసార్లు చూశాను. తను అది గమనించింది.

ఒక సాయంత్రం పిండి కలుపుతూ కలుపుతూ చేతులు కడుక్కుని బయటికి వచ్చింది.

"అత్తమ్మా, నేను లేనప్పుడు రాత్రిపూట ఏం చేసిండ్లు?"

"ఏం చేస్తరు, అన్నమే. నాకు చపాతీలొస్తయా?"

"ఒక్కనాడన్న చేసిండ్లా?"

"రావంటాన గదనే!"

మాధవి చపాతీ కర్ర తెచ్చి నా ముందు పెట్టింది. "పట్టుకోండి. మీ దొంగ దొరికిండు. నేను గాదు."

మా ఇంట్లోకి చపాతీ వచ్చిందే బాపుకు షుగరేమో అన్న అనుమానంతో. తర్వాత షుగర్ కాదన్నారు. బాపు పోయాడు. చపాతీ మాత్రం ఆరోగ్యానికి మంచిదన్న పేరు మీద ఉండిపోయింది. అద్దె కట్టకుండా, ఖాళీ చేయకుండా.

నవంబర్

గోధుమ మానేశాను. చపాతీ, బ్రెడ్డు, బిస్కెట్లు, ఉప్మా, అన్నీ. కొన్ని వారాల్లో మనిషినయ్యాను. ఆ ఊపులో హనుమకొండలో పేగుల స్పెషలిస్టు దగ్గరికి, కేసు ఛేదించిన పోలీసు అధికారిలా బయల్దేరాను.

ఆ హాలులో గోడమీద టీవీ ఉంది. శబ్దం లేదు. అందులో ఒకావిడ పరోటాలు చేస్తోంది. కడుపు జబ్బులవాళ్లందరం ఆ పరోటాల వంక చూస్తూ కూర్చున్నాం. ఇది ఎవరి ఆలోచనో తెలిసుంటే కలిసి అభినందించేవాణ్ణి.

నా నంబర్ దగ్గరపడిందనగా కడుపు కదిలింది. నెలల తరబడి పాడైన కడుపు కొన్ని వారాలకే మాట వింటుందా. పక్కన నర్సంపేట వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన ఉన్నాడు. భుజం మీద తువ్వాల, కాళ్ల దగ్గర సంచి.

"పో బిడ్డా, ఫికర్ జెయ్యకు. నీ పేరు పిలిస్తే నేను జూస్త."

ఫైలు ఆయన చేతిలో పెట్టి పోతూ రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాను. అప్పటికి మనుషుల మీద నా నమ్మకం అంతవరకు వచ్చింది. తిరిగొచ్చేసరికి నా నంబర్ దాటిపోయింది. లోపలికి పోవాల్సింది ఆయన. ఆయన మాత్రం తలుపు దగ్గర కంపౌండర్‌తో, "గా పిలగాడు గోసపడ్తాండు, నా నంబర్ల వాన్ని తోలు. నాకేమున్నది, బస్సు పొద్దుమీకినంక," అంటున్నాడు. దండం పెట్టబోతే ఫైలు నా చేతిలో కుక్కి లోపలికి నెట్టాడు.

డాక్టరమ్మ చిన్నవయసు మనిషి. నేను చెప్పిందంతా విని, రక్తపరీక్ష రాసింది. ఫలితం వచ్చాక మళ్లీ పోయాను. ఆమె దాన్ని చూసి పెదవి విరిచింది.

"తేలలేదు. గోధుమ ఎప్పుడు మానేశారు?"

గర్వంగా చెప్పాను.

"ఎవరు మానేయమన్నారు?"

"మా ఆవిడ, మేడం."

"పరీక్ష అయ్యాక మానేయాలి. తింటుంటేనే రక్తంలో ఆనవాళ్లు కనిపిస్తాయి. మళ్లీ తినండి. రోజూ. కొన్ని వారాలు తిని రండి, అప్పుడు చూద్దాం."

ఇది చదివేవాళ్లలో ఎవరికైనా ఇలాంటి అనుమానం ఉంటే, దయచేసి నాలాగా ముందే తెలివి చూపించకండి. దొంగను మీరే ఊరు దాటించేసి, తర్వాత పోలీసులను పిలిచినట్టవుతుంది.

డిసెంబర్

మళ్లీ చపాతీ చేయాలని చెబితే మాధవి చేస్తున్న పని ఆపి నా వైపు తిరిగింది.

"తెలిసి తెలిసి నేను పెట్టాల్నా?"

"డాక్టర్ చెప్పింది."

"డాక్టర్ చెప్పింది, మంచిగనే ఉన్నది. కాల్చేది నేను గద."

అమ్మకు ఆ డాక్టర్ మీద పూర్తి అనుమానం మొదలైంది. "మంచిగైనోన్ని మల్ల పండవెట్టే డాక్టరును నా జిందగీల జూడలే. జర ఎవలన్న పెద్దమనిషికి చూపెట్టుకోరా."

మాధవి రోజూ రెండు చపాతీలు కాల్చి నా ముందు పెట్టి, నేను తినేటప్పుడు పెరట్లోకి పోయేది. అక్కడ ఆ వేళ చేయాల్సిన పని ఏమీ ఉండేది కాదు. నేను తిని, కాసేపు ఆగి, పరుగెత్తేవాణ్ణి. తిరిగొచ్చేసరికి అమ్మ గ్లాసు పట్టుకుని నిలబడి ఉండేది. ఆ వారాల్లో ఎన్ని గ్లాసులు తాగానో లెక్క లేదు. బరువు మళ్లీ దిగింది. అద్దం ముందు తల దువ్వుకుంటుంటే ఒకరోజు అందులో బాపు కనిపించాడు. దువ్వడం మానేసి వచ్చేశాను. ఆ రోజు దుకాణానికి కూడా పోలేదు. జోకులు వేయని రోజులు నాకు తక్కువ, అది ఒకటి.

జనవరి

ఈసారి రక్తం నోరు విప్పింది. తర్వాత గొంతులోంచి గొట్టం వేసి, పేగులోంచి చిన్న ముక్క తీశారు. దాని గురించి నాకు గుర్తున్నది గొంతు మొద్దుబారడం, ఎవరో నర్సు "అయిపోయిందన్నా, అయిపోయింది" అంటూ నా చెయ్యి పట్టుకోవడం. అప్పటికి ఇంకా మొదలే కాలేదని తర్వాత తెలిసింది. అయినా ఆ అబద్ధానికి నేను ఇప్పటికీ ఆమెకు రుణపడి ఉన్నాను.

"సీలియాక్," అంది డాక్టరమ్మ. "గోధుమలో ఉండే గ్లూటెన్ మీ పేగుకు పడదు. కొంచెం కూడా. మైదా, రవ్వ, సేమియా, ఏ రూపంలోనూ వద్దు. జీవితాంతం."

పేరు దొరికింది. నా మొహంలో సంతోషం చూసి ఆమెకు అనుమానం వచ్చినట్టుంది, మళ్లీ మొదటినుంచి చెప్పింది.

"ఇంట్లో ఇంకెవరికైనా ఇట్లాంటి సమస్య ఉందా?"

బాపు సంగతి చెప్పాను. ఆమె పెన్ను పక్కన పెట్టింది. "కుటుంబాల్లో వస్తుంది. ఆయనకు ఉండొచ్చు, లేకపోవచ్చు. ఇప్పుడు చెప్పలేం."

ఇంటికొచ్చి అన్నీ చెప్పాను, బాపుకూ ఇదే ఉండొచ్చన్న మాట తప్ప. అమ్మ అడగలేదు. మాధవీ అడగలేదు. ఆ తర్వాత చాలారోజులు మా ఇంట్లో ఎవరం బాపు పేరు ఎత్తలేదు. ఫోటోకు దండ మార్చేటప్పుడు కూడా.

మార్చి

మాఘంలో మేడారం పోయి మొక్కు చెల్లించాం. ఇన్నేళ్లు త్రాసుకు ఇవతల కూర్చున్నవాణ్ణి, మొదటిసారి త్రాసులో సరుకుగా కూర్చున్నాను. అమ్మ చేత్తో ఇంకో బెల్లం ముద్ద వేసి, "ఎక్కువనే పోనీ," అంది. మా వంశంలో ఎవరూ తూకం దగ్గర ఆ మాట అని ఉండరు.

గోధుమ గడప దాటి రాకుండా చేశాం. నా పెనం వేరు, నా డబ్బాలు వేరు. జొన్నపిండి గిర్నీలో పట్టిస్తే ముందువాళ్ల గోధుమపిండి కలుస్తుందని, మాధవి ఇంట్లోనే మిక్సీలో పడుతోంది. రాత్రిపూట తనూ నాతోపాటు అన్నమే తింటోంది. అడిగితే, రెండు రకాలు ఎవరు చేస్తారంది. కారణం అది కాదు.

బరువు పెరిగాను. కానీ కడుపు పూర్తిగా చక్కబడలేదు. వారంలో ఒకసారో రెండుసార్లో పాత డప్పు మోగేది. ఇక నా అనుమానానికి హద్దు లేకుండా పోయింది. పెనాన్ని అనుమానించాను. టూత్‌పేస్టును అనుమానించాను. గుడి ప్రసాదాన్ని వాసన చూసి, పూజారి చూస్తుంటే కళ్లకద్దుకున్నాను. చివరికి మాధవిని, "పెనం సరిగ్గ తోమినవా?" అని అడిగాను.

"మీ అమ్మ ఒక్కతే అనుకున్న," అంది. పెనం తెచ్చి నా ఒళ్లో పెట్టి పోయింది. అప్పటినుంచి నా పెనం నేనే తోముకుంటున్నాను.

కడుపు నొచ్చిన ప్రతిసారీ అమ్మ మజ్జిగ కలిపింది. గోధుమ పోయింది కదా, ఈ కాస్త మిగిలిన నొప్పి పోవాలని ఇంగువ ఇంకొంచెం ఎక్కువ వేసింది.

ఏప్రిల్

దుకాణంలో ఒక మధ్యాహ్నం. బాపు కాలం నుంచి వస్తున్న ఒక పెద్దావిడ ఇంగువ డబ్బా తెచ్చి గల్లా మీద ఠప్పుమని పెట్టింది.

"సేటూ, మీ బాపున్నప్పుడు మూత తీస్తే ఇల్లంత గుప్పుమనేది. ఇప్పుడు ముక్కుల పెట్టుకున్నా వాసన లేదు. అంత మైదానే కలిపినవ్."

ఈ ఆరోపణకు మా దగ్గర తయారుగా ఉన్న సమాధానం ఒకటుంది. బాపు నేర్పాడు. ఇన్నేళ్లుగా అప్పజెప్తున్నాను. నాలుక దానంతట అదే అందుకుంది.

"అమ్మా, ఉత్త ఇంగువ ఎవ్వలు తినలేరు. ఘాటుకు నోరు కాల్తది. మైదా కలిపితేనే వంటకొస్తది. మా దుకాణమే కాదు, యాడ కొన్నా గట్లనే..."

అక్కడ ఆగిపోయాను.

"ఏమాయె సేటూ?"

"ఏం లేదమ్మా. మీరన్నది నిజమే. మైదానే."

ఇంగువలో మైదా ఉందని తన నోటితో తాను ఒప్పుకున్న సేటును ఆమె జీవితంలో అదే మొదటిసారి చూడడం. ఆ సంగతి బజారంతా చెప్పిందట. దానివల్ల వ్యాపారం పెద్దగా ఏం దెబ్బతినలేదు. ఇప్పుడు బియ్యప్పిండి కలిపింది తెప్పించి, దాన్ని వేరే అరలో పెడుతున్నాం. కడుపు నెమ్మదించింది. ఇది రాసే నాటికి నేను బాగున్నాను.

ఆ రోజు మాత్రం నేను దుకాణం షట్టర్ సగం దించి ఇంటికి నడిచాను. లోలోపల కొంచెం గర్వంగా కూడా ఉంది. ఆఖరి దొంగను పట్టుకున్నవాడి గర్వం. వంటింట్లో మాధవి బియ్యం ఏరుతోంది. అమ్మ గడప దగ్గర కూర్చుని ఉంది. ఇద్దరికీ వినబడేలా, నవ్వుతూనే చెప్పాను. నేను రోజూ గోధుమ తింటూనే ఉన్నానని, అది మన దుకాణం సరుకేనని, అమ్మ చేతి మందులోనే ఉందని.

మాధవి బియ్యం ఏరడం ఆపింది. నాకంటే ముందు తనకు అర్థమైంది. నా వైపు చూసి, ఇక ఆపమన్నట్టు తల అడ్డంగా ఊపింది. నేను ఆలస్యంగా గమనించాను.

"ఇంగువల గోధుమలేందిరా?" అంది అమ్మ.

"ఉత్తది తినలేరు గదమ్మా. పిండి కలుపుతరు."

"ఎప్పటిసంది?"

"ఎప్పటిసందో. బాపున్నప్పటిసంది."

అమ్మ లేచి అరలోంచి డబ్బా తీసింది. మూత తీసి లోపలికి చూసింది. వేలితో కొంచెం తీసి, అరచేతిలో రాసి చూసింది. మూత పెట్టింది. మాధవి లేచి అమ్మ పక్కన నిలబడింది.

"మీ బాపుకు ఆఖరి దినం గూడ ఇదేసిన చల్లనే పోసిన గదరా," అంది అమ్మ.